పిక్ లైన్: లోపలి కొస నిలవవలసిన చోటు

పెరిఫెరల్లీ ఇన్సర్టెడ్ సెంట్రల్ కాథెటర్‌ను వైద్యశాలల్లో క్లుప్తంగా పిక్ లైన్ అంటారు. పెద్దవారిలో మోచేతికి పైన, సాధారణంగా బాసిలిక్ సిర ద్వారా లోపలికి పంపి, వారాలు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి ఉంచే సన్నని మెత్తని గొట్టమిది. పేరులో రెండు స్థానాలున్నాయి. ప్రవేశించేది చేతి సిరలో, చేరవలసింది గుండె చెంతనున్న కేంద్ర సిరలో. అయితే ‘సెంట్రల్’ అనే విశేషణం సార్థకమయ్యేది కొస నిలిచిన చోటును బట్టే. అది దారిలోనే ఆగిపోతే, గొట్టం అదే అయినా దాన్ని కేంద్ర సిరా మార్గంగా పరిగణించరాదు. ఆ స్థాన నిర్ణయాన్ని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా మాట గురించి. ‘టిప్’కు మొన, కొన, చివర, కొస అన్నీ అన్వయిస్తాయి. ‘మొన’ గుచ్చుకునే గుణాన్ని స్ఫురింపజేస్తుంది; ఈ గొట్టానికి అది తగదు. ‘చివర’ అంటే రోగి బంధువులకు చేతిమీద కనిపించే బయటి భాగమే తోచవచ్చు. అందుచేత ‘లోపలి కొస’ అని వాడుతున్నాను. బయటి భాగం చక్కగా అతికి ఉన్నంత మాత్రాన లోపలిది సరైన చోట ఉన్నట్లు కాదు గనుక ఈ భేదం అవసరం.

ఊర్ధ్వ మహాసిర (పాఠ్యపుస్తకాల్లోని పూర్వ మహాసిర ఇదే) కింది మూడోవంతు గాని, అది కుడి కర్ణికతో కలిసే సంధి గాని లోపలి కొసకు తగిన స్థానం. కారణం రక్తప్రవాహం. ఈ సిరలో నిమిషానికి సుమారు 2 లీటర్ల రక్తం పారుతుంది. కొన్ని కీమోథెరపీ మందులు, సిర ద్వారా ఇచ్చే గాఢమైన పోషక ద్రవాలు చేతి సిరల గోడలను దెబ్బతీస్తాయి. ఇక్కడ అవి వెంటనే పలచబడతాయి. కొస పైనే ఆగిపోతే సిర గోడ ఒరుసుకుని రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మరీ లోతుకు, కర్ణికలోకి పోతే గుండె లయ తప్పవచ్చు. అరుదుగా గోడకు రంధ్రం పడవచ్చు. ఎడమ చేతి నుంచి వేసినప్పుడు దారి పొడవెక్కువ. గొట్టం పొట్టిదైతే కొస మహాసిర కుడి గోడకు ఎదురుగా తగిలి నిలుస్తుంది.

1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్‌లో వెర్నర్ ఫోర్స్‌మన్ తన ఎడమ చేతి సిరలోకి 65 సెంటీమీటర్ల మేర గొట్టం పంపుకొని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి, కొస కుడి కర్ణికలో ఉన్నట్లు చిత్రం తీయించాడు. నేటి పిక్ లైన్‌కైతే అది లోతెక్కువే. కాని కొస ఎక్కడుందో చూసి నిర్ధారించుకోవాలన్న పద్ధతి అక్కడే ఉంది. ఇప్పటికీ ఎక్స్‌రేలో శ్వాసనాళం రెండుగా చీలే చోటును గుర్తుగా తీసుకొని, దానికి సుమారు రెండు వెన్నుపూసల కింద సంధి ఉంటుందని అంచనా వేస్తారు. చేతి భంగిమ మారితే కొస కూడా కొంత జరుగుతుంది. కాబట్టి చిత్రం తీసినప్పుడు చేయి ఎలా ఉందో తెలియాలి.

మరో పద్ధతి ఈసీజీ. సెలైన్ నిండిన గొట్టమే ఎలక్ట్రోడ్‌గా పనిచేస్తుంది. కొస సంధిని సమీపించే కొద్దీ పి తరంగం ఎత్తు పెరుగుతుంది, సంధి వద్ద గరిష్ఠమవుతుంది, కర్ణికలోకి దిగితే మొదట కిందికి వంగుతుంది. గొట్టం వేస్తుండగానే సరిచేసుకునే వీలుండటం దీని ప్రయోజనం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో స్పష్టమైన పి తరంగమే ఉండదు. అక్కడ ఎక్స్‌రే తప్పదు.

తొలిరోజు సరిగా ఉన్న కొస తరువాత తీవ్రమైన దగ్గుతోనో వాంతులతోనో స్థానం తప్పి మెడ సిరలోకి మళ్లవచ్చు. అప్పటికీ బయట కనిపించే పొడవు మారకపోవచ్చు. సెలైన్ ఎక్కిస్తుండగా రోగి ‘చెవిలో నీళ్లు పారిన చప్పుడు వస్తోంది’ అంటే అది భ్రమ అని తోసిపుచ్చరాదు. ఎక్కించడం ఆపి, కొస ఎక్కడుందో మళ్లీ చూడాలి.