ఆళ్లగడ్డ నుంచి బ్రస్సెల్స్ దాకా: విలేకరుల సంఘాలు ఎలా నడుస్తాయి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. అవి ఇంతకుముందే అన్నలు చాలామంది బాగా రాశారు. అందుకని నాకు తెలిసిన, మీలో కొందరికి రేపు పనికొచ్చే సంగతి ఒకటి రాస్తున్నాను. మన హాస్టళ్లలో చదివినవాళ్లు కొందరు విలేకరులు అవుతున్నారు. బండి మీద "ప్రెస్" అని రాయించుకోవడంలో ఉన్న తొందర, సంఘం అంటే ఏమిటో తెలుసుకోవడంలో ఉండదు. నాకూ అప్పుడు లేదు. దానివల్ల నష్టపోయాను.

నా అనుభవం

ఆళ్లగడ్డ హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, నంద్యాలలో డిగ్రీ చేస్తూ ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేరాను. జీతం లేదు. అచ్చయిన వార్త పొడవును బట్టి డబ్బు. ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య తిరగడానికి బస్సు చార్జీలకే అది సరిపోయేది కాదు. అయినా మన పేట నీళ్ల సమస్య పేపర్లో వస్తే ఆ ఆనందమే వేరు. నాలుగేళ్లు గడిచాక ఒకరోజు కార్డు తిరిగి ఇచ్చేయమన్నారు. కారణం చెప్పలేదు. నియామక పత్రం మొదటినుంచీ లేదు గనుక తీసేసిన పత్రమూ లేదు.

సంఘం పెద్దాయన ఒకరి దగ్గరకు పరుగెత్తాను. ఆయన మొదట అడిగిన మాట: "సభ్యత్వ రసీదు ఉందా తమ్ముడూ?" లేదు. రెండుసార్లు ఫారం చేతికిచ్చినా నింపలేదు. చందా దండగ అనుకున్నాను.

కార్డులన్నీ ఒకటి కాదు

ముందుగా ఈ తేడా తెలుసుకోండి. పత్రిక ఇచ్చేది గుర్తింపు కార్డు. దాన్ని పత్రిక ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ప్రభుత్వ సమాచార శాఖ ద్వారా వచ్చేది అక్రిడిటేషన్ కార్డు. మన రాష్ట్రంలో మండల స్థాయి వరకు ఇస్తారు. అదీ పత్రిక సిఫారసు మీదే వస్తుంది. మూడోది సంఘం సభ్యత్వ కార్డు. ఉద్యోగం పోయిన రోజు మన పక్కన నిలబడమని అడిగే హక్కు ఈ మూడో కార్డుతోనే వస్తుంది.

మెట్లు ఎలా ఉంటాయి?

మన మెస్ కమిటీని గుర్తు తెచ్చుకోండి. ఒక్కో గది నుంచి ఒకరిని ఎన్నుకుంటే కమిటీ అవుతుంది. అన్ని హాస్టళ్ల కమిటీలు కలిస్తే జిల్లా కమిటీ అవుతుంది. విలేకరుల సంఘాలూ ఇంతే. కింద పట్టణ, నియోజకవర్గ శాఖలు, ఆపైన జిల్లా శాఖ ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడక ముందు మనకు జిల్లా అంటే కర్నూలే. రాష్ట్ర స్థాయిలో ఆంధ్రప్రదేశ్ యూనియన్ ఆఫ్ వర్కింగ్ జర్నలిస్ట్స్ వంటి సంఘాలున్నాయి. అది దేశ స్థాయిలో ఇండియన్ జర్నలిస్ట్స్ యూనియన్‌కు అనుబంధం. ఆ యూనియన్ అంతర్జాతీయ పాత్రికేయుల సమాఖ్యలో సభ్యురాలు. ఆ సమాఖ్య ప్రధాన కార్యాలయం బెల్జియం దేశంలోని బ్రస్సెల్స్‌లో ఉంది. అంటే ఆళ్లగడ్డలో చందా కట్టిన కుర్రవాడు ఈ మెట్లన్నీ దాటి ప్రపంచ సంఘంలో భాగస్తుడవుతాడు.

ఆ సమాఖ్య 1926లో ప్యారిస్‌లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946లో మళ్లీ ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. అమెరికా, రష్యా శిబిరాల తగాదాలో అది చీలిపోయింది. ఇప్పుడున్న సమాఖ్య 1952లో ఏర్పడింది. 140కి పైగా దేశాల్లో సుమారు 6 లక్షల మంది పాత్రికేయులు తమ తమ సంఘాల ద్వారా దీని కిందికి వస్తారు. మనం విడిగా సభ్యులం కాలేము. సభ్యత్వం దేశాల సంఘాలకే.

పాలన ఇలా ఉంటుంది. కొన్నేళ్లకొకసారి మహాసభ జరుగుతుంది. 2019లో ట్యునీషియాలోని ట్యూనిస్‌లో, 2022లో ఒమన్‌లోని మస్కట్‌లో జరిగాయి. సభ్య సంఘాలు తమ బలాన్ని బట్టి ప్రతినిధులను పంపుతాయి. వారు అధ్యక్షుడిని లేదా అధ్యక్షురాలిని, ఉపాధ్యక్షులను, కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. రోజువారీ పని చూసే ప్రధాన కార్యదర్శిని మాత్రం కార్యవర్గమే నియమిస్తుంది. విధానం నిర్ణయించేవారు ఓటుతో వస్తారు, పని నడిపేవారు వారికి జవాబు చెప్పాలి. 1954లో బోర్డో నగరంలో చేసిన నీతి నియమావళిని ఇంకా విస్తరించి 2019లో ట్యూనిస్ సభలో ఆమోదించారు. నిజానికి కట్టుబడటం, తప్పు రాస్తే దిద్దుకోవడం, వార్త చెప్పినవారి పేరు దాచడం అందులో ముఖ్యమైనవి.

చట్టం ఎక్కడ ఆగుతుంది?

మన దేశంలో 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. పనిగంటలు, సెలవులు, గ్రాట్యుటీ అందులో ఉన్నాయి. వేజ్ బోర్డులూ వచ్చాయి. చివరిదైన మజీథియా బోర్డు సిఫారసులను కేంద్రం 2011లో నోటిఫై చేయగా సుప్రీంకోర్టు 2014లో సమర్థించింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి రావడంతో ఆ పాత చట్టం వాటిలో కలిసిపోయింది. ఆ పాత చట్టం, వేజ్ బోర్డులు సంఘాలు పోరాడితే వచ్చినవే. కానీ ఆ చట్టం పాత్రికేయాన్ని ప్రధాన వృత్తిగా చేసుకున్నవారి కోసం రాసింది. "ఇది నా ప్రధాన వృత్తి కాదు" అని చేరేటప్పుడే సంతకం పెట్టిన కంట్రిబ్యూటర్ బయటే నిలబడిపోతాడు. అందుకే సంతకం పెట్టే ముందు ఆ కాగితం పూర్తిగా చదవండి.

సంఘాల్లోనూ లోపాలున్నాయి. మెట్లు పెరిగేకొద్దీ కింది మాట పలచబడుతుంది. కొన్నిచోట్ల అవే ముఖాలు ఏళ్ల తరబడి కుర్చీలో ఉంటాయి. దీనికి మందు సంఘం మానేయడం కాదు. చందా కట్టి, సమావేశానికి పోయి, లెక్క అడగడం.

కుర్రవాళ్లే నడిపే సంఘాలు

పెద్దల సంఘాలతోనే అయిపోలేదు. యూరప్‌లో 2004లో యూరోపియన్ యూత్ ప్రెస్ అనే యువ పాత్రికేయుల సమాఖ్య ఏర్పడింది. అక్కడా అదే పద్ధతి. వేర్వేరు దేశాల యువ సంఘాలు సభ్యులు. వాటి ప్రతినిధుల సభ కార్యవర్గాన్ని ఎన్నుకుంటుంది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఢిల్లీలో ఉంది. వీధుల్లో బతికే, పనిచేసే పిల్లలు "బఢ్తే కదమ్" అనే తమ సంఘం తరఫున 2003 నుంచి "బాలక్‌నామా" అనే పత్రిక నడుపుతున్నారు. చేతనా అనే స్వచ్ఛంద సంస్థ వెనుక నిలబడింది. రాయడం రాని పిల్లలు కూడా అందులో విలేకరులే. వాళ్లు చూసింది నోటితో చెబుతారు, రాయగలిగినవాళ్లు రాసిపెడతారు. చదువు రానంత మాత్రాన గొంతు లేకుండా పోకూడదని వాళ్ల ఉద్దేశం. అంబేద్కర్ 1920లో తన మొదటి పత్రికకు "మూక్‌నాయక్" అని, అంటే మూగవారి నాయకుడు అని, పేరు పెట్టడం వెనుకా ఈ బాధే ఉంది.

మనం ఏం చేయగలం?

నంద్యాల, ఆళ్లగడ్డ హాస్టళ్లు కలిసి నెలకొక గోడపత్రిక పెట్టుకోవచ్చు. ఖర్చు కొన్ని చార్టులు, స్కెచ్ పెన్నులే. కానీ మొదటి రోజే ఒక పేజీ నియమావళి రాసుకోండి. ఒక్కో తరగతి నుంచి ఇద్దరిని ఓటుతో ఎన్నుకోండి. సంపాదకుడు ఒక్క ఏడాదే ఉండాలి. వార్డెన్ సారు సలహాదారు, సంపాదకుడు కాదు. వసూలైన ప్రతి రూపాయి లెక్కా నెలాఖరున అందరి ముందు చదవాలి. ఎవరి మీద రాస్తున్నామో వారి మాట కూడా అడిగి రాయాలి. తప్పు రాస్తే తర్వాతి నెల అదే చోట దిద్దుకోవాలి. ఆరో తరగతి తమ్ముడు రాయలేకపోతే చెప్పనివ్వండి, మీరు రాయండి.

ఇక మీలో ఎవరైనా రేపు విలేకరిగా చేరితే, మొదటి నెలలోనే ఆ ఫారం నింపండి. చందా కట్టిన రసీదును పదో తరగతి మెమోతో పాటు దాచుకోండి. నేను పోగొట్టుకున్న నాలుగేళ్లు తిరిగి రావు. మీ నాలుగేళ్లు పోకుండా ఉంటే ఈ రెండు పేజీలు రాసిన కష్టం తీరినట్టే.

మీ శ్రేయోభిలాషి,
ఆళ్లగడ్డ హాస్టల్ పూర్వ విద్యార్థి