వెలుగుతో వేసే మెలికల ముగ్గు

హిందూపురంలో రైలెక్కి ఉత్తరానికి వెళితే పెనుకొండ దాటాక ధర్మవరం వస్తుంది. అక్కడ మగ్గం పక్కన కాసేపు నిలబడి చూడండి. చీర అంచు మీద నెమలిని నేతగాడు గీయడు. ఏ పడుగు పోగులు పైకి లేవాలో జకార్డు అట్టల్లోని చిల్లులు చెబుతాయి, నాడె ఇటునుంచి అటు దూకుతుంది, ఒక పేక పడుతుంది. మళ్లీ ఇంకో అట్ట, ఇంకో పేక. మగ్గానికి ముక్కు, మెడ, తోక అన్న లెక్క లేదు, వరస మీద వరస మాత్రమే. అదే వీధిలో పొద్దున్నే వాకిట్లో ముగ్గేసే ఆమె పద్ధతి వేరు. వేళ్ల సందుల్లోంచి పిండి జారుతూ చుక్కల చుట్టూ తిరుగుతుంది. ఆమె చెయ్యి బొమ్మ ఉన్నచోటికే వెళుతుంది, ఖాళీ నేలను ముట్టుకోదు. హిందూపురం పక్కనున్న లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు రూపాలకు వేసిన అంచుగీతల్లోనూ నాకు ఈ చెయ్యే కనిపిస్తుంది.

మన టీవీ, ఫోను, సినిమాహాలు ప్రొజెక్టరు మగ్గం దారిలో నడుస్తాయి. తెరనంతా చుక్కలుగా, వరసలుగా నింపుతాయి. దీన్ని రాస్టర్ అంటారు. ముగ్గు దారి పేరు వెక్టర్. ఆ దారిలో కొన్నేళ్లు వెలిగి ఆరిపోయిన వీడియో ఆటలు ఇప్పుడు లేజర్ ప్రొజెక్టర్ల పుణ్యమా అని గోడల మీద మళ్లీ ఆడుతున్నాయి. వాటిని మళ్లీ ఆడిస్తున్నది ముఖ్యంగా ఒక చిన్న అద్దం.

ఆ అద్దం వయసు పెద్దది. 1858లో ఐర్లండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్‌కు సముద్రం అడుగున తంతి తీగ వేశారు. అవతలికి చేరే కరెంటు ఎంత బలహీనమంటే మామూలు ముల్లు కదలనే కదలదు. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్ అయిన విలియం థామ్సన్ ఒక బుల్లి అద్దం వెనక చిన్న అయస్కాంతాలు అతికించి, దాన్ని తీగచుట్ట మధ్య పట్టుపోగుతో వేలాడదీశాడు. కరెంటు వస్తే అద్దం వెంట్రుకవాసి తిరుగుతుంది. దాని మీద పడి తిరిగొచ్చే వెలుగు మాత్రం దూరాన ఉన్న కొలబద్ద మీద స్పష్టంగా జరుగుతుంది. సముద్రాన్ని దాటొచ్చిన కబురు ఒక పట్టుపోగుకు వేలాడిందన్న సంగతి ధర్మవరం వాళ్లకు చెప్పాలనిపిస్తుంది నాకు.

నేటి లేజర్ ప్రొజెక్టరులో ఉన్నది ఆ అద్దం సంతతే. దాన్ని గాల్వో అంటారు. పట్టుపోగు స్థానంలో ఇరుసు వచ్చింది, అద్దం ఏ కోణంలో ఉందో ఎప్పటికప్పుడు చెప్పే సెన్సరు వచ్చింది. రెండు అద్దాలుంటాయి. ఒకటి కిరణాన్ని పక్కలకు, రెండోది పైకీ కిందికీ తిప్పుతుంది. అప్పట్లో అద్దం కదలికను బట్టి కరెంటును చదివేవారు, ఇప్పుడు కరెంటు పంపి అద్దాన్ని కావలసినట్టు తిప్పుతున్నారు. ఆ అద్దాలు తిప్పే లేజర్ పుట్టింది మాత్రం 1960లో, థియొడోర్ మైమన్ కెంపు కడ్డీతో.

ఆటల వైపు కథ 1958లో మొదలైంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ సందర్శకుల కోసం ఆసిలోస్కోపు తెర మీద టెన్నిస్ ఆడించాడు. వెక్టర్ ఆటలకు అసలు వైభవం తెచ్చింది మాత్రం 1979లో అటారీ కంపెనీ విడుదల చేసిన ‘ఆస్టరాయిడ్స్’. లైల్ రెయిన్స్ ఆలోచన, ఎడ్ లాగ్ ప్రోగ్రాము. నల్లటి తెర, మధ్యలో త్రికోణంలాంటి నౌక, చుట్టూ తేలే రాళ్లు. అన్నీ ఉత్త తెల్లగీతలే. నాణెం వేసి ఆడే ఈ పెట్టెలు 70 వేల దాకా అమ్ముడయ్యాయి.

గీతలే ఎందుకు? కంప్యూటరు మెమరీ ఖరీదైన రోజులవి. ఆ తెర మీద అడ్డంగా 1024, నిలువుగా 768 స్థానాలు. మగ్గం పద్ధతిలో ఒక్కో చుక్కకు ఒక్కో బిట్ కేటాయించినా ఒక్క బొమ్మకే 96 కిలోబైట్లు కావాలి. ఆస్టరాయిడ్స్ ప్రోగ్రాము, అందులోని ఆకారాల పట్టిక మొత్తం కలిపి 8 కిలోబైట్లు. ‘ఇక్కణ్ణుంచి అక్కడికి గీత’ అని రాసుకుంటే చాలు, మిగతా పని తెర వెనకున్న ఎలక్ట్రాన్ల కిరణానిది. 1983లో రంగుల గీతలతో ‘స్టార్ వార్స్’ వచ్చింది. అప్పటికే మెమరీ చిప్పులు చౌకవుతున్నాయి. తరచూ చెడిపోయే వెక్టర్ తెరలను ఇంకా తయారు చేయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

పెట్టెలు పాడైనా ప్రోగ్రాములు పోకూడదని పట్టుబట్టినవాడు ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా. పాత ఆటపెట్టెల చిప్పులన్నీ ఎలా పనిచేసేవో కంప్యూటరులో అచ్చంగా అనుకరించే ‘మేమ్’ అనే సాఫ్ట్‌వేర్‌ను 1997 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. తర్వాత ఎందరో చెయ్యి వేశారు. 2016లో అది పూర్తి ఓపెన్ సోర్స్ అయింది. వెక్టర్ ఆటను అందులో నడిపిస్తే లోపల గీతల జాబితా తయారవుతుంది. దాన్ని తెరకు కాక అద్దాలకు పంపితే సరి. లేజరుకు బొమ్మలు అందించే ఓపెన్ సోర్స్ పనిముట్లలో హెక్టర్ మార్టిన్ రాసిన ‘ఓపెన్‌లేజ్’ నాకు ఎంతో నచ్చుతుంది, ఎందుకంటే అది ఖరీదైన పరికరం అడగదు. సౌండ్ కార్డుతోనే అద్దాలను తిప్పుతుంది. చిక్కల్లా ఒక్కటే. పాటకు కావలసింది ఊగే కరెంటు, అద్దం ఒకచోట నిలవాలంటే కావలసింది నిలకడ వోల్టేజి. సౌండ్ కార్డులోని కెపాసిటర్లు ఆ నిలకడ వోల్టేజిని ఆపేస్తాయి. అందుకే వాటిని తప్పించి తీగ కలుపుకుంటారు.

అసలు కష్టం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. ఎలక్ట్రాను బరువు లేనట్టే లెక్క. అద్దం అలా కాదు, ఎంత చిన్నదైనా దానికి బరువుంది. వేగంగా వెళ్తూ ఒక్కసారిగా మూల తిరగమంటే తిరగలేదు, మూల గుండ్రమైపోతుంది. కాబట్టి ప్రతి మూల దగ్గరా అదే చుక్కను నాలుగైదుసార్లు చెప్పి అద్దాన్ని కాస్త ఆపాలి. మంచి గాల్వోలు సెకనుకు 30 వేల చుక్కలు తాకగలవు. కన్ను బొమ్మను నిలకడగా చూడాలంటే సెకనుకు కనీసం 30 సార్లు గీయాలి. అంటే ఒక్కో బొమ్మకు దక్కేది వెయ్యి చుక్కలు. ఒక రాయికే పదీ పన్నెండు మూలలు. రాయికీ రాయికీ మధ్య లేజరును ఆర్పి, అద్దాన్ని చీకట్లో నడిపించే చుక్కలూ ఆ వెయ్యిలోంచే పోవాలి.

మెలికల ముగ్గులో ఈ బాధ లేదు. గీతలు దాటుకునే ప్రతిచోటా నాలుగు దారులుంటాయి. ప్రతి కూడలిలోనూ దారులు సరిసంఖ్యలో ఉండి బొమ్మంతా ఒకదానితో ఒకటి కలిసి ఉంటే, చెయ్యెత్తకుండా మొదలుపెట్టిన చోటికే రావచ్చని 1736లో గణితవేత్త ఆయిలర్ చెప్పిన సంగతే ఇది. ఆస్టరాయిడ్స్ రాళ్లు విడివిడిగా తేలుతాయి కాబట్టి చెయ్యెత్తక తప్పదు. ఎన్నిసార్లు, ఎంత దూరం అన్నదే ప్రశ్న. ఏ రాయి తర్వాత ఏది గీస్తే చీకటి నడక తగ్గుతుందో సాఫ్ట్‌వేర్ ప్రతి బొమ్మకూ లెక్కేస్తుంది.

వెలుగుతో కథ ఆడించడం ఈ ప్రాంతానికి తెలిసిన విద్యే. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో మేకతోలును పారదర్శకం చేసి, నగలున్నచోటల్లా సన్నని చిల్లులు పొడిచి, తెల్లటి తెరకు ఆనించి రామాయణం ఆడిస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ దీపం కదలదు, బొమ్మ కదులుతుంది. లేజర్ ఆటలో బొమ్మంటూ వేరే లేదు, కదిలే వెలుగే బొమ్మ. తెర కూడా చదునుగా ఉండక్కర్లేదు. మామూలు ప్రొజెక్టరు కటకాన్ని ఒక దూరానికే సరిచేయగలం. లేజర్ కిరణానికి ఆ పట్టింపు దాదాపు లేదు. పెనుకొండ కోటలాంటి చోట దగ్గరి బురుజు మీదా వెనక గోడ మీదా గీత ఒకేలా సన్నగా పడుతుంది. జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి: అద్దాలు ఆగిపోతే ఆ వెలుగంతా ఒకే చుక్కలో పోగవుతుంది, కంటికి తగిలితే చూపు పోవచ్చు. అద్దాలు నిలిచిన క్షణమే లేజరును ఆర్పే ఏర్పాటు లేకుండా, జనం తలల ఎత్తులో కిరణాన్ని తిప్పుతూ ఎవరూ ఆడకూడదు.

ఆ ఏర్పాట్లతో, చీకటి పడ్డాక ఒక తెల్లగోడ మీద ఆట మొదలైందనుకోండి. మొదట నాలుగు పెద్ద రాళ్లు, గీతలు నిశ్చలం. కాల్చినకొద్దీ ఒక్కోటీ రెండుగా పగులుతుంది, మూలలు పెరుగుతాయి, వెయ్యి చుక్కలు చాలవు, గోడంతా దీపపు వత్తిలా వణుకుతుంది. ఆడేవాడు చిన్న రాళ్లను ఒక్కొక్కటీ తుడిచేస్తూ పోతాడు. చివరి రెండు మిగిలేసరికి గీత మళ్లీ నిలబడుతుంది.