అద్దము మాటున కన్ను

రాజమార్గమున ముందు పోవు లారీ చక్రము క్రిందనుండి ఒక చిన్న కంకరరాయి ఎగిరి వచ్చి, వెనుక వచ్చు కారు ముందు అద్దమునకు తగులును. మొదట ఆవగింజంత మచ్చ మాత్రమే పడును. నాలుగు దినములు పగటి ఎండకు కాగి, రాత్రి చలికి ముడుచుకొనుసరికి ఆ మచ్చనుండి ఒక బీట బయలుదేరి అద్దమంతయు ప్రాకును. అప్పుడు పాత అద్దమును తీసివేసి క్రొత్త అద్దమును అమర్పక తప్పదు. పూర్వము ఇంతటితో పని ముగిసెడిది. అద్దము గట్టిగా అతుకుకొన్నదా, వాననీరు లోనికి కారకున్నదా అని చూచుకొని యజమాని కారును ఇంటికి తోలుకొని పోయెడివాడు. ఇప్పటి కార్లలో పెక్కింటికి పని అంతటితో తీరదు. ఏలయన ఆ అద్దము మాటున ఒక కన్ను ఉన్నది. అద్దము మారినపుడు ఆ కంటికి చూపు మరల నేర్పవలసి యుండును.

ముందుగా ఆ అద్దమును గూర్చి కొంత తెలిసికొనవలెను. ఇది కిటికీకి బిగించు సామాన్యపు గాజుపలక కాదు. 1903వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందు ఎడ్వర్డు బెనెడిక్టస్ అను రసాయన శాస్త్రజ్ఞుని చేతినుండి ఒక గాజుబుడ్డి జారి నేలపై పడినది. బుడ్డి బీటలు వారినది గాని ముక్కలు చెదరిపోలేదు. దానిలో పూర్వముండిన సెల్యులోజ్ నైట్రేటు ద్రావకము ఎండిపోయి లోపలి గోడకు పలుచని పొరగా అంటుకొని యుండెను. ఆ పొరయే ముక్కలను పట్టి ఉంచినది. బెనెడిక్టస్ ఈ సంగతిని మనస్సున నిలుపుకొని, రెండు గాజుపలకల నడుమ ఒక పొరను ఇమిడ్చి చెదరని గాజును తయారు చేసి, 1909లో దానికి హక్కుపత్రము పొందెను. నేటి కార్ల ముందు అద్దములు ఈ పద్ధతిననుసరించియే తయారగుచున్నవి. నడిమి పొరకు మాత్రము ఇప్పుడు పాలీవినైల్ బ్యుటిరాల్ అను మరియొక పదార్థమును వాడుచున్నారు. రాయి తగిలినను గాజుపెంకులు లోపలివారి ముఖములపై పడకుండుటకు ఇదియే కారణము.

ఇక కన్ను సంగతి. కారు లోపల, వెనుకవైపు చూచుకొను చిన్న అద్దమునకు వెనుకగా, ముందు అద్దము పైభాగమున ఒక చిన్న కెమెరా అమర్పబడి యుండును. అది నిరంతరము రోడ్డును చూచుచు, చూచిన దానిని ఒక చిన్న కంప్యూటరునకు అందించును. ఆ కంప్యూటరు రోడ్డుపై గీచిన తెల్లగీతలను, ముందున్న బండ్లను, నడచిపోవు మనుష్యులను, వేగపరిమితిని తెలుపు పలకలను గుర్తించును. కారు తన వరుసను దాటి ప్రక్కకు పోవుచున్నచో డ్రైవరును హెచ్చరించును. కొన్ని కార్లలో స్టీరింగును మెల్లగా త్రిప్పి దారిలోనికి తెచ్చును. ఎదుట అకస్మాత్తుగా అడ్డము వచ్చినపుడు డ్రైవరు బ్రేకు వేయకున్నచో తానే వేయును. ఇట్టి సహాయ సాధనములన్నింటిని కలిపి కార్ల పనివారు అడాస్ అని వ్యవహరింతురు.

ఈ సాధనములు కొలది కాలములోనే వ్యాపించినవి. కెమెరా చూపుతో కారుకు సహాయము చేయు విద్యను అభివృద్ధి చేయుటకై 1999లో ఇజ్రాయేలు దేశమున మొబిల్ ఐ అను సంస్థ వెలసినది. జపానునందు సుబారు వారు 2008లో రెండు కెమెరాలు ప్రక్కప్రక్కన గల ఐసైట్ అను అమరికను ప్రవేశపెట్టిరి. ఐరోపా సమాఖ్య దేశములలో 2024 జూలై నుండి అమ్మబడు ప్రతి క్రొత్త కారునందును తనంతట బ్రేకు వేయు సాధనము, వరుస తప్పకుండ కాపాడు సాధనము ఉండి తీరవలెనని శాసనము అమలులోనికి వచ్చినది. మన దేశమునను 2020 తరువాత ఇట్టి కార్లు క్రమముగా హెచ్చినవి.

కెమెరాకు దూరమెట్లు తెలియును? ఛాయాపటమునందు దూరము వ్రాసి యుండదు గదా! దీనికి ఒక సులభమైన ఉపాయము కలదు. చదునైన మైదానమున నిలిచిన మనుష్యుడు తన పాదముల ముందున్న రాతిని చూడవలెనన్న చూపును బాగుగా క్రిందికి దించవలెను. నూరు అడుగుల దూరమందలి రాతిని చూచుటకు కొంచెము దించిన చాలును. మిక్కిలి దూరమున ఉన్నదానిని చూచుటకు ఇంచుమించు తిన్నగా క్షితిజరేఖ వైపే చూడవలెను. చూపు ఎంత దిగినదో తెలిసినచో, కన్ను నేలకు ఎంత ఎత్తున ఉన్నదో తెలిసినచో, వస్తువు ఎంత దూరమున ఉన్నదో లెక్కగట్టవచ్చును. క్షేత్రగణితమున లంబకోణ త్రిభుజమును నేర్చిన విద్యార్థికి ఇది క్రొత్త విషయము కాదు. కెమెరా కూడ ముందున్న బండి చక్రములు నేలను తాకు చోటు తన పటమునందు క్షితిజరేఖకు ఎంత క్రిందుగా ఉన్నదో చూచి, ఈ విధముగనే దూరమును గణించును. ఇదియొక్కటే కాక మరికొన్ని గుర్తులను గూడ వాడును గాని, మూలసూత్రము ఇది.

ఈ లెక్కకు ఒక షరతు కలదు. కెమెరా తాను ఏ దిక్కునకు, ఎంత వాలుగా చూచుచున్నదో దానికి సరిగా తెలిసి యుండవలెను. తెలియకున్నచో ఏమగునో ఒక ఉదాహరణమున చూడవచ్చును. కెమెరా నేలకు 1.25 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. 50 మీటర్ల దూరమున ఒక బండి ఆగియున్నది. ఆ బండి చక్రములు నేలను తాకు చోటు క్షితిజరేఖకు సుమారు 1.43 డిగ్రీలు క్రిందుగా ఉండును. ఇప్పుడు కెమెరా ఉండవలసిన దానికన్న అర డిగ్రీ క్రిందికి వంగినదనుకొందము. అర డిగ్రీ యనగా ఆకాశమున పున్నమి చంద్రుడు కనబడునంత వెడల్పు మాత్రమే. కెమెరా క్రిందికి వంగుటచే పటమునందు దృశ్యమంతయు పైకి జరుగును. తాను వంగితినని ఎరుగని కెమెరా, బండి క్షితిజరేఖకు 0.93 డిగ్రీలే క్రిందుగా ఉన్నదని తలచును. లెక్క చూడగా దూరము సుమారు 77 మీటర్లని వచ్చును. 50 మీటర్లలో ఉన్న బండి 77 మీటర్లలో ఉన్నట్లు తోచినదన్నమాట. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకనుకు 20 మీటర్లు పోవును. 27 మీటర్ల పొరపాటు ఆ కారుకు సెకనుకు మించిన ఆలస్యముతో సమానము. ప్రాణాపాయము తప్పుటకును తప్పకపోవుటకును నడుమ ఒక సెకను చాలును.

కెమెరా అర డిగ్రీ పైకి లేచినచో దీనికి విపర్యాసముగా జరుగును. 50 మీటర్లలోని బండి 37 మీటర్లలోనే ఉన్నట్లు తోచి, అవసరము లేని సమయమున కారు బ్రేకు వేయవచ్చును. అప్పుడు వెనుక వచ్చువారికి ప్రమాదము.

ప్రక్కకు తిరిగిన దోషము వేరొక విధమైనది. కెమెరా ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగియున్నచో 100 మీటర్ల దూరమున దాని చూపు సుమారు 1.75 మీటర్లు తప్పును. రాజమార్గములందు ఒక వరుస వెడల్పు సాధారణముగా 3.5 మీటర్లు. అనగా చూపు సగము వరుస ప్రక్కకు పోయినదన్నమాట. తన వరుసలో నిలిచిన బండి ప్రక్కవరుసలో ఉన్నట్లును, ప్రక్కవరుసలోని బండి తనకు అడ్డముగా ఉన్నట్లును తోచుటకు ఇంత భేదము చాలును.

అద్దము మార్చుట చేత ఈ దోషము ఎట్లు కలుగును? కెమెరాను పట్టియుంచు చట్రము పెక్కు కార్లలో అద్దమునకే అతికింపబడి యుండును. పాత అద్దమును తీయునపుడు కెమెరాను విప్పవలెను. క్రొత్త అద్దమునకు మరల తగిలింపవలెను. క్రొత్త అద్దమును కారు చట్రమునకు అంటించు జిగురు ఒకచోట దళసరిగా, ఒకచోట పలుచగా పడవచ్చును. అద్దము ఒక వెండ్రుకవాసి ఎత్తుగనో పల్లముగనో కూర్చుండవచ్చును. పైగా, ఏటవాలుగా ఉన్న గాజుగుండ పోవు కాంతి కొంత వంగును. నీటిలో నిలిపిన కర్ర విరిగినట్లు కనబడుట అందరెరిగినదే. గాజు దళసరిలోను వంపులోను స్వల్పభేదమున్నను కెమెరా చూచు దృశ్యము కొంచెము కదలును. క్రొత్త కళ్లజోడు పెట్టుకొన్నవాడు మొదటిదినమున మెట్టు దిగుచు తడబడును. మనుష్యుని మెదడు రెండు దినములలో తానే సర్దుకొనును. కెమెరాకు మాత్రము ఒకరు నేర్పవలెను.

ఇందలి గొప్ప చిక్కు మరియొకటి. దీపము ఆరినచో గది చీకటియగును గనుక అందరికి తెలియును. గడియారము ఆగినచో ఎవరును దానిని నమ్మరు. పదినిముషములు తప్పుగా నడచు గడియారమే మనుష్యుని రైలు తప్పించును. చూపు తప్పిన కెమెరా కూడ ఇట్టిదే. కొన్ని కార్లు కెమెరాను విప్పి తగిలించిన సంగతి గ్రహించి హెచ్చరిక దీపమును వెలిగించును. కాని దీపము వెలుగలేదు గనుక దోషము లేదని తలచుట పొరపాటు. చిన్న దోషము తనయందున్నట్లు కెమెరాయే ఎరుగక పోవచ్చును.

కెమెరాకు చూపు సరిదిద్దు పనిని కార్ఖానాలలో కాలిబ్రేషన్ అందురు. దీనికి రెండు పద్ధతులు కలవు. మొదటిది కారును నిలిపి చేయునది. దీనికి విశాలమై, నేల సమతలముగా ఉన్న స్థలము కావలెను. రసమట్టముతో నేలను పరీక్షింతురు. టైర్లలో గాలి నిర్ణీతమైన ఒత్తిడిలో ఉన్నదా అని చూతురు. డిక్కీలోని బరువులను దించివేయుదురు. కొందరు తయారీదారులు పెట్రోలు తొట్టి నిండుగా ఉండవలెనని గూడ విధింతురు. ఏలయన ఒక టైరులో గాలి తగ్గినను, వెనుక బరువు హెచ్చినను కారు ఒకవైపునకు ఒరుగును. కారు ఒరిగినచో కెమెరా కూడ ఒరుగును.

పిదప కారు నడిమిరేఖను కనుగొందురు. తాపీపనివారు వాడునట్టి తూకపు గుండును కారు ముందుభాగపు మధ్యనుండి, వెనుకభాగపు మధ్యనుండి వ్రేలాడదీసి నేలపై గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తులగుండ పోవు గీతను ముందునకు పొడిగింతురు. కొన్ని కార్ఖానాలలో ఈ పనికి లేసరు కిరణమును వాడుదురు. ఆ గీత ననుసరించి తయారీదారుడు చెప్పిన దూరమున, చెప్పిన ఎత్తున ఒక పలకను నిలుపుదురు. పలకపై నలుపు తెలుపు గళ్లు గాని, మరియొక విధమైన గుర్తులు గాని ఉండును. ఎండ సూటిగా పడరాదు. మెరయు వస్తువులు పలక వెనుక ఉండరాదు. అప్పుడు స్టీరింగు క్రిందనున్న ప్లగ్గునకు ఒక పరీక్షాయంత్రమును తగిలించి కెమెరాకు ఆజ్ఞ ఇత్తురు. పలక ఎచ్చట ఉన్నదో కెమెరాకు ముందే చెప్పబడి యున్నది. అది తనకు ఎచ్చట కనబడుచున్నదో చూచుకొనును. ఉండవలసిన చోటునకు, కనబడిన చోటునకు గల భేదమే దోషము. ఆ దోషమును కెమెరా జ్ఞాపకముంచుకొని, నాటినుండి ప్రతి లెక్కలోను తీసివేయును. కనుక ఈ పనిలో కెమెరాను కదల్చి తిన్నన చేయుట అరుదు. దాని వంకరను దానికి తెలియజేయుటయే ముఖ్యము.

రెండవ పద్ధతి కారును నడిపి చేయునది. పరీక్షాయంత్రమును తగిలించియుంచి, గీతలు స్పష్టముగా గల రోడ్డుపై, తయారీదారుడు చెప్పిన వేగముతో కొంతదూరము నడుపుదురు. కెమెరా తెల్లగీతలను, ఎదుటి బండ్లను చూచుచు తన దోషమును తానే కనుగొనును. గట్టి వాన కురియుచున్నపుడు గాని, గీతలు చెరగిపోయిన రోడ్డుపై గాని ఈ పని నెరవేరదు. కొన్ని కార్లకు మొదటి పద్ధతి, కొన్నింటికి రెండవది, మరికొన్నింటికి రెండును కావలెను. ఏ కారుకు ఏది తగినదో ఆ తయారీదారుని సూచనలలో వ్రాయబడి యుండును. అద్దము మార్చినపుడే గాక, కెమెరాను ఏ కారణముచేతనైన విప్పినపుడు, ప్రమాదమున ముందుభాగము దెబ్బతిన్నపుడు, స్ప్రింగులను మార్చి కారు ఎత్తును సవరించినపుడు కూడ ఈ పరీక్ష అవసరము కావచ్చును.

కొలుచు సాధనమును ముందు సరిచూడవలెనను నియమము క్రొత్తది కాదు. 1802లో మద్రాసు సమీపమున విలియం లాంబ్టన్ అను ఆంగ్లేయుడు భారతదేశమును త్రిభుజములుగా విభజించి కొలుచు మహాకార్యమును ప్రారంభించెను. ఆ కొలత తరువాత హైదరాబాదు రాజ్యము మీదుగా ఉత్తరమునకు సాగినది. కోణములను కొలుచుటకు ఆయనకు ఉండినది సుమారు అర టన్ను బరువుగల థియొడొలైటు యంత్రము. 1808లో తంజావూరు ఆలయగోపురముపైకి దానిని ఎక్కించుచుండగా త్రాడు తెగి యంత్రము గోడకు కొట్టుకొని, దాని లోహచక్రము వంకరపోయినది. లాంబ్టన్ దిగులుపడి కూర్చుండలేదు. ఎట్లో సర్దుకొని కొలతలు సాగింపనులేదు. ఆరు వారములు గుడారమున కూర్చుండి, ఆ చక్రమును రవ్వరవ్వగా లాగి యథారూపమునకు తెచ్చి, ఆ తరువాతనే మరల కొలుచుట కారంభించెను. వంకర యంత్రముతో గీచిన పటము చూచుటకు చక్కగానే ఉండెడిది. తప్పు మాత్రము అందరికిని దారి తప్పించెడిది.

కార్ఖానాలో కెమెరాను సరిచూచు పనివాని బాధ్యతయు ఇట్టిదే. ఆ పనికి కొంత కాలము పట్టును, కొంత సొమ్ము వ్యయమగును. అద్దము చక్కగా మెరయుచున్నది గనుక, దీపము వెలుగుటలేదు గనుక దానిని దాటవేసినచో యజమాని గుర్తింపలేడు. ఆ లోపము బయటపడునది కార్ఖానాలో కాదు. ఎన్నడో ఒక సాయంకాలమున, బడినుండి వచ్చు బాలుడు రోడ్డు దాటునపుడు బయటపడును. ఆ బాలుడు ఆ అద్దమును ఎరుగడు, ఆ కెమెరాను ఎరుగడు, ఆ పనివానిని ఎరుగడు. అయినను అతని క్షేమము ఆ పనివాని శ్రద్ధపై కొంత ఆధారపడి యున్నది.

కెమెరాను ఎంత చక్కగా సరిదిద్దినను అది సహాయకుడే గాని సారథి కాదు. మంచులోను, జడివానలోను, ఎదుటి ఎండ కాంతిలోను దానికి చూపు మందగించును. కావున డ్రైవరు తన కన్నులను రోడ్డుపై నిలుపక తప్పదు. యంత్రపు కన్నును నమ్మదగినదిగా ఉంచుట పనివాని ధర్మము. తన కన్నును మూయకుండుట డ్రైవరు ధర్మము. ఈ రెండును నెరవేరిన నాడే అద్దము మాటున ఉన్న ఆ చిన్న కన్ను ప్రయోజనకారి యగును.