ఎంతవరకు చూడనివ్వాలి?

వార్షికోత్సవానికి రాలేని పూర్వ విద్యార్థుల కోసం ఈసారి మన హాస్టల్‌ను చుట్టూ తిప్పి చూసుకునే పనోరమాలుగా తయారుచేశాం. ఫొటోలను హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అతికించాం. వాటిని తెరమీద తిప్పడానికి పానెల్లమ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. అతికించడానికి రెండు రోజులు సరిపోయాయి. చూపుకు హద్దులు పెట్టడానికి మాత్రం వారం పట్టింది.

ఈ హద్దుల ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు ప్రేక్షకుడి చుట్టూ గుండ్రంగా చిత్రాన్ని అమర్చే పద్ధతికి 1787లోనే పేటెంట్ పొందాడు. చూసేవాళ్లు మధ్యలో వేదిక మీద నిలబడాలి. చిత్రం పై అంచు కనబడకుండా నెత్తిన ఒక కప్పు, కింది అంచు కనబడకుండా ఒక అడ్డు ఉండాలని అందులోనే రాశాడు. అంచు కనబడితే అది గుడ్డ మీది బొమ్మేనని గుర్తొచ్చేస్తుంది కదా!

పూర్తి పనోరమా అడ్డంగా 360 డిగ్రీలు, నిలువుగా 180 డిగ్రీలు ఉంటుంది. పక్కలకు తిరగడాన్ని 'యా' అనీ, పైకీ కిందికీ వంచడాన్ని 'పిచ్' అనీ, ఒకేసారి తెరమీద కనిపించే వెడల్పును 'హెచ్‌ఫవ్' అనీ అంటారు. మూడింటికీ కనిష్ఠం, గరిష్ఠం ఇవ్వవచ్చు. పానెల్లమ్‌లో పైకి ప్లస్, కిందికి మైనస్. కెఆర్‌పానోలో ఇది తలకిందులు, జాగ్రత్త.

భోజనశాల బొమ్మలో 60 డిగ్రీలు కిందికి దాటితే కెమెరా స్టాండు కాళ్లు కనబడుతున్నాయి. కనిష్ఠ పిచ్ మైనస్ 60 పెట్టాం. తీరా చూస్తే చూపు మైనస్ 26 దగ్గరే ఆగిపోయింది! సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుని ఒక పూటంతా కొట్టుకున్నాం. అసలు సంగతేమిటంటే, పానెల్లమ్‌లో హద్దు తెర నడిమికి కాదు, తెర అంచుకు. హెచ్‌ఫవ్ 100 ఉంటే మామూలు వెడల్పాటి మానిటర్ మీద నిలువుగా సుమారు 68 డిగ్రీలు కనబడతాయి. అందులో సగం 34. నడిమి మైనస్ 26 దగ్గర ఉన్నప్పుడే కింది అంచు మైనస్ 60ని తాకేసింది. దగ్గరకు జూమ్ చేస్తే నడిమి ఇంకా కిందికి దిగుతుంది.

సెల్‌ఫోన్‌లో మరో చిక్కు వచ్చింది. నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో అదే 100కి నిలువు చూపు దాదాపు 129 డిగ్రీలవుతుంది. పడుకునే గది బొమ్మ నిలువుగా 110 డిగ్రీలే తీశాం. మానిటర్‌లో బాగానే ఉన్నది ఫోన్‌లో పైనా కిందా నల్లగా కనబడింది. బొమ్మ లేని చోటు మూలల్లో కూడా కనబడనీయకుండా చూపును ఆపే ఏర్పాటు ఒకటి పానెల్లమ్‌లోనే ఉంది. దాన్ని మనమే ఆన్ చేయాలి.

జూమ్ లెక్క తేలిక. మా బొమ్మ వెడల్పు 8000 పిక్సెళ్లు, అంటే డిగ్రీకి దాదాపు 22. కనిష్ఠ హెచ్‌ఫవ్ 50 అయితే 1100 పిక్సెళ్లను 1366 తెర మీదికి సాగదీయాలి, మసకబారుతుంది. అందుకే 60 దగ్గర ఆపాం.

అసలు తగువు పైహద్దు దగ్గర వచ్చింది. భోజనశాల కప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనబడుతున్నాయి. గరిష్ఠ పిచ్ తగ్గిస్తే పండుగ పూట అది కనబడదని కొందరన్నారు. ఆ కప్పు కింద కూర్చుని తిన్న అన్నలకే దాన్ని దాచిపెట్టడమేమిటని మిగతావాళ్లం అన్నాం. రాత్రి పదింటిదాకా వాదించుకుని, పైన హద్దు తీసేశాం.

నీళ్ల తొట్టి దగ్గరి బొమ్మ వేరు. అందులో ఒక మూల ఆరో తరగతి తమ్ముడు స్నానం చేస్తూ పడ్డాడు. యా హద్దులు అటూ ఇటూ 125 పెట్టి నిశ్చింతగా ఉన్నాం. ఇంజనీరింగ్ చదివే పూర్వ విద్యార్థి ఒకరు వచ్చి, ఫైల్‌లో ఆ అంకె మార్చి తమ్ముణ్ణి చూపించేశారు. మాకు ఒళ్లు చల్లబడింది. హద్దు అనేది తిప్పే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన మాట మాత్రమే. బొమ్మ మొత్తం చూసేవాళ్ల ఫోన్‌లోకి వెళ్లిపోతూనే ఉంటుంది. కాబట్టి బొమ్మనే రెండు పక్కలా కత్తిరించి 5556 పిక్సెళ్లు ఉంచాం, బొమ్మ వ్యాప్తి 250 డిగ్రీలని రాశాం, పాత ఫైల్ అన్ని కంప్యూటర్లలోంచీ తీసేశాం. కొత్తది ముందు ఆ తమ్ముడికే ఇచ్చాం. వాడు అటూ ఇటూ నాలుగైదుసార్లు తిప్పి చూసి సరేనన్నాకే మిగతావాటితో కలిపాం.