పాలపన్ను చెప్పే సాక్ష్యం

హనుమంతునిపాడు పరిసరాలలో పళ్ళపై గోధుమరంగు మచ్చలు కనిపిస్తే పెద్దలు ముందుగా బావినీటినే తలచుకుంటారు. అవి నీటిలోని ఫ్లోరైడు గుర్తులు. ఈ కనిగిరి ప్రాంతం పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలోనే 1937లో వైద్యులు మన దేశపు ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారి గుర్తించారు. కంటికి కానరాని పదార్థం పళ్ళలోను, ఎముకలలోను నిలిచిపోగలదని ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు.

ఫ్లోరైడుకు రేడియోధార్మికత లేదు. అయితే ఎముకను ఆశ్రయించే గుణం అణుధూళిలోని స్ట్రాన్షియం-90కు కూడా ఉన్నది. అణుపరీక్ష జరిగినప్పుడు పైకెగసిన ధూళి గాలితో పయనించి వానతో నేలకు దిగుతుంది. గడ్డిలోనుంచి ఆవుపాలలోనికి, పాలనుంచి పసిపిల్లలలోనికి చేరుతుంది. స్ట్రాన్షియం రసాయనికంగా కాల్షియానికి దాయాది గనుక, శరీరం దానిని కూడా ఎముకలో అమర్చుకుంటుంది. దాని అర్ధాయువు సుమారు 29 సంవత్సరాలు.

దానిని కొలవడం ఎట్లా? స్ట్రాన్షియం వెలువరించే బీటా కణాలు శరీరం దాటి బయటకు రావడం కష్టం. బ్రతికియున్న బిడ్డ ఎముకను కోసి చూడలేము. అందుచేత 1958లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో శాస్త్రజ్ఞులు, తల్లులు కలిసి ఊడిన పాలపళ్ళను సేకరించసాగారు. మన పిల్లలు ఇంటికప్పుపైకి విసరివేసే పాలపన్నే అక్కడ సాక్షి అయినది. పాలపన్ను పుట్టుకకు ముందు, తొలి ఏడాదిలో రూపొందుతుంది. కాబట్టి ఆనాటి ఆహారపు జాడ అందులో భద్రంగా ఉంటుంది. 1950 తర్వాత ఏటేటా పుట్టిన పిల్లల పళ్ళలో స్ట్రాన్షియం పెరుగుతూ వచ్చినట్లు 1961లో ప్రకటించిన ఫలితాలు తెలిపినవి. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలను నిషేధిస్తూ 1963లో ఒప్పందం కుదిరినది.

అణుధూళిలోని సీజియం-137 సంగతి వేరు. అది పొటాషియంవలె కండరాలలో చేరుతుంది. దానివల్ల వెలువడే గామా కిరణాలు శరీరాన్ని దాటి బయటకు వస్తాయి. మనిషిని కుర్చీలో కూర్చుండబెట్టి, సమీపంలో సోడియం అయొడైడు స్ఫటికం ఉంచుతారు. కిరణం తాకినప్పుడెల్లా స్ఫటికంలో చిన్న మెరుపు పుడుతుంది. మెరుపు తీవ్రతనుబట్టి అది సీజియందేనని గుర్తిస్తారు. మెరుపుల సంఖ్యనుబట్టి శరీరంలో అది ఎంత ఉన్నదో లెక్కకడతారు.

పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవి ఈ కొలతల విలువను చాటినది. 1954 మార్చి 1న అక్కడ 15 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబు ప్రేల్చారు. 1970 దశకంలో, ఇక భయం లేదన్న మాట నమ్మి కొన్ని కుటుంబాలు ఆ దీవికి తిరిగివచ్చాయి. కొబ్బరి వారి నిత్యాహారం. చెట్లు మట్టిలోని సీజియాన్ని పీల్చుకుంటున్నవి. వారి శరీరాలలో సీజియం పెరుగుతున్నదని పరీక్షలలో తేలగా, 1978లో వారు మళ్ళీ దీవి విడువవలసివచ్చినది. మట్టికి పొటాషియం ఎరువు వేస్తే కొబ్బరిలో సీజియం తగ్గుతుందని తరువాతి ప్రయోగాలు చూపినవి.

బికినీలో నేలను చూచి చెప్పిన ధైర్యం నిలువలేదు. మనుషులను కొలిచినప్పుడే నిజం బయటపడినది. నేలతోపాటు పాలను, పంటను, మనిషిని కూడా కొలవాలి. అది పిల్లలు తిని పెరిగిన తరువాత కాక, ముందే జరగాలి.