శిఖరం ఎక్కడికీ పోదు!

ఫీనిక్స్‌లో ఉండే తెలుగువాళ్లకి వేసవి వచ్చిందంటే ఒకటే మాట... ‘పదండి, ఫ్లాగ్‌స్టాఫ్ పోదాం!’ ఇక్కడ ఎండ 43 డిగ్రీలు దాటి మాడ్చేస్తుంటే, కారులో రెండు, రెండున్నర గంటలు ఉత్తరానికి వెళ్తే చాలు... పైన్ చెట్ల వాసన, చల్లగాలి. ఎమ్మెస్ చదివే పిల్లలైతే శుక్రవారం రాత్రి అనుకుని, శనివారం తెల్లవారుజామునే బయల్దేరిపోతారు. నాలుగేళ్లుగా నేనూ అదే బ్యాచ్!

అరిజోనా రాష్ట్రంలోని ఈ కొండ ఊరి చుట్టూ ఉన్నది కోకోనినో నేషనల్ ఫారెస్ట్. ఊరే 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. మన ఆంధ్రాలో అన్నిటికంటే ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్లు దాటవు. అంటే కారు దిగేసరికే మనం వాటికంటే పైన ఉంటామన్నమాట.

మొదటి రోజు ఇవి చాలు

కొత్తగా వచ్చినవాళ్లని నేను ముందు ఎల్డెన్ కొండ కింద ఉన్న ఫ్యాట్‌మ్యాన్స్ లూప్‌కి తీసుకెళ్తాను. నాలుగు కిలోమీటర్ల లోపే. దారిలో ఓచోట బండల మధ్య ఇరుకు సందు. బొజ్జ లోపలికి పీల్చుకుని దూరాలి. ఆ పేరు అందుకే! ఇంకా సులువుగా కావాలంటే ఆస్పెన్ నేచర్ లూప్ ఉంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో అక్కడి ఆస్పెన్ ఆకులు పసుపుపచ్చగా మారి, చిన్న గాలికే గలగలలాడతాయి.

ఎండాకాలంలో పిల్లలు ఎగిరి గంతేసేది మాత్రం లావా రివర్ గుహలో. సుమారు 7 లక్షల ఏళ్ల కిందట లావా పారి ఏర్పడిన సొరంగం ఇది. కిలోమీటరుకు పైగా కటిక చీకటి. బయట ఎంత వేడి ఉన్నా లోపల 5, 6 డిగ్రీలే. ఒక్క ఫోన్ టార్చ్‌ని నమ్ముకోవద్దు. మనిషికి రెండు మూడు లైట్లు ఉండాలి.

అలిపిరి ధీమా పనిచేయదు

అసలు పరీక్ష హంఫ్రీస్ శిఖరం. 3,851 మీటర్లు, అరిజోనాలో ఇదే అన్నిటికంటే ఎత్తు. పోనూ రానూ దాదాపు 16 కిలోమీటర్లు. ‘అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్లం, ఇదెంత?’ అంటారు మనవాళ్లు. కానీ ఆ పైన గాలి సముద్రమట్టంతో పోలిస్తే మూడోవంతుకు పైగా పలచన. పది అడుగులు వేస్తే ఆయాసం, కొందరికి తలనొప్పి, వికారం. తల తిరిగితే మందు ఒకటే... కిందికి దిగడం.

ఇంకో ప్రమాదం పిడుగులు. మనకి నైరుతి ఎలాగో, ఇక్కడా జులై నుంచి సెప్టెంబరు దాకా మాన్‌సూన్. పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నానికి ఉరుములు. 2016 జులైలో ఈ శిఖరం దగ్గరే పిడుగుపాటుకు ఓ 17 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు.

రెండేళ్ల కిందట ఆగస్టులో మా తమ్ముడితో కలిసి ఎక్కాను. వాడు చదువుకోసం కొత్తగా వచ్చాడు. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదింటికి శాడిల్ చేరాం. రెండు శిఖరాల మధ్య పల్లం అది. అక్కడి నుంచి పైకి చెట్టన్నది లేదు, అంతా బోడి రాళ్లు. అప్పుడే పడమర నుంచి నల్లటి మబ్బు లేచింది.

“అక్కా, ఇంకో మైలేగా! ఇంతదూరం వచ్చి ఫొటో కూడా లేకుండానా?” అన్నాడు.

“శిఖరం ఎక్కడికీ పోదురా, దిగు” అన్నాను. మూతి ముడుచుకునే దిగాడు. చెట్లలోకి వచ్చిన అరగంటకి వడగళ్లు మొదలయ్యాయి. మేం వదిలేసిన గట్టు మీద వరసగా మెరుపులు. వాడు మరి ఫొటో ఊసెత్తలేదు. నెలన్నర తర్వాత మళ్లీ వెళ్లి ఎక్కాం.

కొండంటే దేవుడే

సింహాచలం, అహోబిలం మనకెలాగో, ఈ కొండలు హోపీ, నవాహో సహా కనీసం 13 ఆదివాసీ తెగలకు అలాగే పవిత్రం. అరుపులు, స్పీకర్లో పాటలు వద్దు. పైగా ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఓ చిన్న పసుపు పూల మొక్క ఈ శిఖరాల మీదే పెరుగుతుంది. దానికోసమే 11,400 అడుగులు దాటాక దారి వదిలి నడవడం నిషేధం. సెల్ఫీకోసం కూడా!

బయల్దేరే ముందు

* అడవి తెరిచి ఉందో లేదో ఫారెస్ట్ సర్వీస్ సైట్లో చూడండి. వానలకు ముందు కార్చిచ్చు భయంతో దారులు మూసేస్తుంటారు. 2022 జూన్‌లో పైప్‌లైన్ ఫైర్ ఈ కొండల్నే కాల్చింది.
* మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్‌ని నమ్మలేం.
* హంఫ్రీస్‌కి మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, ఓ రెయిన్ జాకెట్.
* వెనక్కి తిరిగే టైమ్ కిందే, అందరూ కలిసి అనుకోండి. పైకెళ్లాక ఆ మాట ఎవరికీ నచ్చదు!