బ్రౌజర్ పనిముట్టుకు పేటెంటు వస్తుందా?

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు దాన్ని పేటెంటు అనుకున్నవాళ్లు ఉన్నారు. రెండూ ఒకటి కావు. భౌగోళిక గుర్తింపు ఊరికి, అక్కడి పాత పనితనానికి ఇచ్చేది. పేటెంటుకు పాతదనమే గండం. తరతరాలుగా తీస్తున్న రేకుకు ఎవరూ పేటెంటు అడగలేరు.

ఇప్పుడు రాజమండ్రి దానవాయిపేటలో నలుగురు కుర్రాళ్లు చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారనుకుందాం. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే లంక గ్రామాల కోసం, బొమ్మలనూ ప్రకటనలనూ వెనక్కి నెట్టి తెలుగు అక్షరాలను ముందుగా తెచ్చే బ్రౌజర్ పనిముట్టు ఒకటి తయారుచేశారు. మరి దీనికి పేటెంటు ఇస్తారా?

మన 1970 నాటి పేటెంట్ల చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామునూ, అల్గారిథమ్‌నూ ఆవిష్కరణగా లెక్కించరు. మెలిక అంతా ఆ 'ఉత్త'లోనే ఉంది. ట్యునీషియాకు చెందిన ఫెరిద్ అల్లానీ వెబ్‌లో సమాచారాన్నీ సేవలనూ చేరుకునే ఒక పద్ధతికి 2002లో ఇక్కడ దరఖాస్తు పెట్టాడు. పేటెంట్ ఆఫీసు కాదంది, అప్పీలు బోర్డూ కాదంది. 2019 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు వేరేగా చూసింది: ప్రోగ్రాము ఉన్నంత మాత్రాన తోసిపుచ్చకూడదు, దానివల్ల సాంకేతిక ఫలితం ఏదైనా ఉందేమో పరిశీలించాలి అంది. 2020లో పేటెంటు దక్కింది. పేటెంటుకు ఆయుష్షే 20 ఏళ్లు, అదీ దరఖాస్తు నుంచి లెక్క. ఇక ఆయనకు మిగిలిందేమిటో చెప్పనక్కర్లేదు.

సాంకేతిక ఫలితం అంటే చదివేవాడికి కలిగే సుఖం కాదు, యంత్రంలో కనిపించే మార్పు. ఈ తేడా 'పద్మ' అనే పాత బ్రౌజర్ పొడిగింపును చూస్తే బోధపడుతుంది. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లకు దేని ఫాంటు దానిదే. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు దాచేవారు. ఫాంటు లేని కంప్యూటర్లో పేజీ తెరిస్తే వార్తకు బదులు పిచ్చిగీతలు. కొన్ని ఫాంట్లలో 'మ' అనే అక్షరమే ఉండేది కాదు. 'వ' బొమ్మ పక్కన కొమ్ములాంటి తోక పెడితే కంటికి 'మ' అయ్యేది, కంప్యూటర్‌కు మాత్రం అవి విడివిడి ముక్కలే. అలాంటి పేజీలో 'మండపేట' అని వెతికితే ఏం దొరుకుతుంది? నాగార్జున వెన్న రాసిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఆ ముక్కలను ఏరి, అతికి, వరుస సరిచేసి యూనికోడ్ తెలుగుగా మార్చేది. దాని కోడ్‌ను అందరికీ తెరిచే ఉంచారు. పేటెంటు అడిగి ఉంటే మన పరిశీలకుడు అది అక్షరాల మార్పిడి పట్టిక, అంటే అల్గారిథమ్, అని పక్కన పెట్టేవాడేమో. నా లెక్కలో ఏ పేటెంటు పొందిన పనిముట్టుకన్నా అదే తెలుగు చదువరికి ఎక్కువ మేలు చేసింది.

మన దానవాయిపేట కుర్రాళ్ల సంగతి కొంత నయం. డేటా తక్కువ ఖర్చవుతుందని, బలహీనమైన సిగ్నల్ మీద పేజీ ఇంత వేగంగా వస్తుందని కొలిచి చూపగలరు. దరఖాస్తులో రాయాల్సింది ఆ కొలతలూ, అవి ఎలా సాధ్యమయ్యాయన్న వివరమూ. 'వాడకానికి సులువు' అని పేజీలు నింపితే లాభం లేదు.

కొత్తదని నిలబెట్టుకోవడం మరో పెద్ద తంటా. అమెరికాలో, వెబ్ పేజీలోనే చిన్న ప్రోగ్రాములు నడిచే పద్ధతికి 1994లో దరఖాస్తు పడి 1998లో వచ్చిన పేటెంటు హక్కులు ఇయోలాస్ అనే బుల్లి కంపెనీ చేతిలో ఉండేవి. 2003లో మైక్రోసాఫ్ట్ దానికి 52 కోట్ల డాలర్లు కట్టాలని జ్యూరీ తేల్చేసరికి వెబ్ లోకం ఉలిక్కిపడింది. ఆ తర్వాత వాళ్లు రాజీ పడ్డారు. కానీ వేరే కంపెనీల మీద ఇయోలాస్ వేసిన దావాలో 2012లో టెక్సాస్‌లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ సాక్ష్యం చెప్పాడు. పే వీ అనే విద్యార్థి తన వయోలా బ్రౌజర్‌లో అలాంటి పని అంతకు ముందే చేశాడని ప్రతివాదులు వాదించారు. పేటెంటు చెల్లదని జ్యూరీ తీర్పిచ్చింది.

అందుకే మన కుర్రాళ్లు కాలేజీ ఫెస్టులో డెమో ఇచ్చి, ఆ తర్వాత తీరిగ్గా చెన్నై పేటెంట్ ఆఫీసుకు పరిగెత్తితే చిక్కే. కొద్ది మినహాయింపులు తప్ప, ముందుగా బయటపెట్టింది కొత్తది కాదు. పని సగంలో ఉండగానే తాత్కాలిక వివరణ దాఖలు చేస్తే తేదీ ఖాయమవుతుంది, పూర్తి వివరణకు 12 నెలలు గడువుంటుంది. చిన్న కంపెనీకి ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు. అసలు బరువు దరఖాస్తు రాసిపెట్టే పేటెంట్ ఏజెంటుకు ఇచ్చేదే. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ఆ ఏజెంటు రుసుమును కేంద్రమే చెల్లించే పథకం 2016లో మొదలైంది.